కాపా అక్క సుత్తి

మా కాపా అక్క ఇంట్లో ఉత్తరపు గోడ దగ్గర నేల మీద కోడిగుడ్డు పెడితే అది అక్కడ ఉండదు. ఆలోచించుకుంటున్నట్టు కాసేపు ఆగి, మెల్లగా దొర్లుకుంటూ దక్షిణపు గోడ దాకా పోతుంది. గది తలుపు సగమే మూసుకుంటుంది. నలభై ఏళ్ళపాటు జరేచ్యే ఊళ్ళో ఇళ్ళన్నిటికీ చలి దూరకుండా సందులు పూడ్చిన మనిషి, తన ఇల్లు మాత్రం ఇలా ఉంచుకుంది. దీని మీద ఊళ్ళో వెటకారాలకి ఎప్పుడూ లోటు లేదు. ఒకప్పుడు నేనూ తక్కువేం అనలేదు. ఆవిడకి తోడికోడల్ని, నాకా హక్కుంది.

పూర్తి పేరు కాపితొలీనా. ఇప్పుడు డెబ్భై తొమ్మిది. నిచ్చెన ఎక్కడం మానేసింది గాని, కింద నిలబడి పైవాళ్ళని తిట్టడం మానలేదు. మనిషి పొట్టి. చేతులు మాత్రం ఎవరో పెద్ద మనిషి దగ్గర అరువు తెచ్చుకున్నట్టుంటాయి. యుద్ధానికి వెళ్ళిన మగవాళ్ళలో సగం మందే మా ఊరికి తిరిగొచ్చారు. కాపా అక్క వాళ్ళ నాన్న ఒక చెయ్యి లేకుండా వచ్చాడు. గోడ సందుల్లో నార కూరే పనికి రెండు చేతులు కావాలి, ఒకటి ఉలికి, ఒకటి సుత్తికి. ఆయన ఉలి పట్టుకుంటే కూతురు సుత్తి కొట్టేది. ఆయన పోయాక రెండు చేతులూ ఆవిడవే అయ్యాయి.

మావి దుంగల ఇళ్ళు. దుంగ మీద దుంగ, మధ్యలో నాచు. కాలం గడిచేకొద్దీ పిట్టలు గూళ్ళ కోసం ఆ నాచు పీక్కుపోతాయి, ఎలకలు లాక్కుపోతాయి, దుంగలు ఎండి ముడుచుకుంటాయి. గడ్డకట్టే చలి మొదలైన రోజు పొద్దున్నే బయటికొచ్చి చూస్తే, సందు ఎక్కడుందో గోడే చెబుతుంది. లోపలి వెచ్చదనం బయటికి పోయే చోటల్లా తెల్లటి మంచు మీసాలు మొలిచి ఉంటాయి. కాపా అక్క దారిన పోతూ ఆ మీసాలు లెక్కపెట్టేది. "వీడు కట్టెలన్నీ వీధికే కాలుస్తున్నాడు" అని నాకు వినబడేలా, వాడికీ వినబడేలా అనేది. తర్వాతి వేసవిలో వాడే వచ్చి పిలిచేవాడు.

పని చూడ్డానికి తేలిక. అవిసె నారని జడపాయలా పొడుగ్గా సాగదీసి, సందు వెంట ఉలితో లోపలికి తోసి, కొయ్య సుత్తితో దట్టించడమే. కానీ చాలామందికి తెలియనిది ఒకటుంది. నార కూరితే దుంగ లేస్తుంది. ఒక్కో వరసకి వెంట్రుకవాసి లేచినా, ఇరవై వరసలు పూర్తయ్యేసరికి ఇల్లు నాలుగు వేళ్ళ ఎత్తు పెరుగుతుంది. అందుకని అన్నిటికంటే కింది సందుతో మొదలుపెట్టి, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, మొదలెట్టిన చోటికి వచ్చాకే పై సందుకి వెళ్ళాలి. నార పాయ కూడా మధ్యలో తెగకూడదు. చలేసే గోడ ఒక్కటే చేశామా, ఆ పక్క లేస్తుంది, మిగతా పక్కలు లేవవు, ఇల్లు ఒరుగుతుంది. తలుపులు బిగుసుకుంటాయి, కిటికీ అద్దాలు పగులుతాయి, పొయ్యి గొట్టం చీలుతుంది. చేస్తే నాలుగు పక్కలా చెయ్యి, లేకపోతే సుత్తి ముట్టుకోకు అని వాళ్ళ నాన్న ఆవిడ చేత మాట తీసుకున్నాడు.

ఆ మాట ఆవిడ ఒక్కసారి తప్పింది. ఆవిడ మొగుడు, మా బావగారు వెనెదీక్త్ ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డ ఏడాది అది. నడి జనవరి. మంచం పక్క గోడకి లోపలి వైపు కూడా మంచు పేరుకునేది. ఆవిడ ఆ చలిలో, ఉన్ని చేతితొడుగుల మీద తోలు తొడుగులు వేసుకుని, మూడు రోజుల్లో ఆ ఒక్క గోడ కింది నుంచి పైదాకా దట్టించేసింది. బావగారు ఏప్రిల్‌లో పోయారు. మంచు కరిగేసరికి ఇల్లు ఒరిగింది. ఆ తర్వాత ఎవరెంత చెప్పినా ఆవిడ తన ఇంటి మీద సుత్తి ఎత్తలేదు. చేసిన తప్పు రోజూ కళ్ళెదుట ఉండాలని అలా ఉంచుకుందని ఊరంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

ఇక అసలు సంగతి. ఇది తొంభై ఆరులో, సెప్టెంబరు నెలాఖరున జరిగింది.

మా వీధి చివర అవెనీర్, రిమ్మా అనే అన్నాచెల్లెళ్ళ ఇల్లు. వాళ్ళమ్మ పోయాక ఇంటిని మధ్యలో పలకలు కొట్టి రెండు చేసుకున్నారు. అమ్మ వంట చేసిన పెద్ద ఇటుక పొయ్యి, చలికాలం పైన మనిషి పడుకునేంత వెడల్పుది, రిమ్మా సగంలోకి వచ్చింది. అవెనీర్ పట్నం నుంచి ఇనప పొయ్యి తెచ్చుకున్నాడు, ఆ రోజు నుంచీ చెల్లెలితో మాట మానేశాడు. పన్నెండేళ్ళు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు కాబట్టి, కోపం చూసుకోవడానికి తీరిక బాగా ఉండేది. ఒకే కప్పు కింద, ఒకే పలకల గోడకి ఇటొకరు అటొకరు తుమ్మినా, చిరంజీవ అనే దిక్కు లేదు.

ఆ ఏడు రిమ్మా మొగుడు యెఫీమ్‌కి న్యుమోనియా వచ్చి, నెల రోజులు ఆసుపత్రిలో ఉండి, సగం మనిషై ఇంటికొచ్చాడు. రిమ్మా కాపా అక్కని పిలిపించింది. నేనూ వెంట వెళ్ళాను. యెఫీమ్ గదిలో ఉత్తరపు గోడ పక్కన, చెవులు కప్పే ఉన్ని టోపీ పెట్టుకుని పడుకుని ఉన్నాడు. కాపా అక్క చేతి వెనక భాగం నాలుకతో తడి చేసుకుని గోడ వెంట పోనిచ్చింది. చలిగాలి తగిలిన నాలుగు చోట్ల ఆగింది.

"పొయ్యి మీద పడుకోబెట్టకపోయావుటే?" అంది.

"అంత ఎత్తు ఎక్కలేడు పిన్నీ. ఎక్కించినా ఆ వేడికి ఊపిరాడ్డం లేదంటాడు. ఈ ఒక్క గోడ చేసిపెట్టు చాలు. నార కూడా తెప్పించాను."

"ఒక్క గోడ చెయ్యను. చేస్తే ఇల్లంతా చుట్టి వస్తాను. మీ అన్నతో చెప్పు."

"వాడితో నేను మాట్లాడను."

"సరే, నేనే మాట్లాడతా."

అవెనీర్ తన సగంలో గొర్రెతోలు కోటు తొడుక్కుని కూర్చుని చేపల వల అల్లుకుంటున్నాడు. సంగతి వినగానే వల పక్కన పెట్టాడు.

"నా గోడ జోలికొస్తే నిచ్చెన లాగేస్తాను పిన్నీ, ముందే చెబుతున్నా. నాకేం చలి లేదు."

"లేదా? మరి ఇంట్లో ఆ కోటెందుకురా?"

"నా కోటు, నా ఇష్టం. స్నానానికి కూడా తొడుక్కుంటా. అమ్మ పొయ్యి దాని దగ్గరుందిగా? దానికెందుకు చలి?"

"దానికి కాదురా. యెఫీమ్‌కి బాగాలేదు."

"వాడెప్పుడు బాగున్నాడు? ఎండాకాలం గడ్డి కోతలప్పుడు కూడా వాడికి బాగుండదు."

ఇక ఆ మనిషితో లాభం లేదు. మళ్ళీ రిమ్మా వైపుకి వచ్చి కాపా అక్క కుదరదని చెప్పింది. రిమ్మా ముఖం ఎర్రబడిపోయింది. నోరు జారే మనిషి కాదు గాని, ఆ రోజు జారింది.

"నీ మొగుడికైతే ఒక్క గోడే చేసుకున్నావు కదా! మా ఆయన దగ్గరికొచ్చేసరికి నాలుగు గోడలూ గుర్తొచ్చాయా?"

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోతుంటే కాపా అక్క నా మోచెయ్యి పట్టుకుంది. రిమ్మా వంక చూసింది, మంచం మీద టోపీ పెట్టుకున్న మనిషి వంక చూసింది, బయటికి నడిచింది.

వీధి మధ్యలోని వంతెన దాటాక గాని నేను గమనించలేదు, ఆవిడ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"అక్కా, నీ ఉలీ సుత్తీ సంచి ఏదీ?"

"అయ్యో, రిమ్మా వాకిట్లో మరిచిపోయాను."

"పద, తెచ్చుకుందాం."

"మోకాళ్ళు పీకుతున్నాయే. రేపు చూద్దాంలే."

"ఇవాళ సుత్తి మరిచిపోయావు, రేపు నన్ను మరిచిపోతావు" అన్నాను. నవ్వింది. ఆ సుత్తి వాళ్ళ నాన్నది. భూర్జ చెట్టు దుంగతో ఆయనే చెక్కించుకున్నది.

మర్నాడు మోకాళ్ళ నొప్పి. ఆ మర్నాడూ మోకాళ్ళ నొప్పే. మూడో రోజు పొద్దున వీధి చివర నుంచి చప్పుడు మొదలైంది. కొయ్య సుత్తి చప్పుడు. నేను పాలచెంబు వదిలేసి వెళ్ళి చూసొచ్చాను. రిమ్మా నిచ్చెన తెచ్చి పక్కన పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని, తన సగం ఉత్తరపు గోడని కసిగా దట్టిస్తోంది. ఇరవై ఏళ్ళు రంపపు మిల్లులో పలకలు మోసిన మనిషి, దెబ్బకి ఇల్లు అదురుతోంది. పరుగెత్తుకుంటూ కాపా అక్క దగ్గరికి వచ్చాను.

"అక్కా! నీ సుత్తితోనే కొడుతోంది ఆ రిమ్మా! సిగ్గూ ఎగ్గూ లేకుండా!"

ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. కత్తి ఆపి, చెవి ఒగ్గి విన్నది.

"మరీ బిగించేస్తోంది. కింది వరసలు అయిపోయాయా?"

"మోకాలెత్తుకి వచ్చేసింది. నువ్వొచ్చి ఆపవా?"

"దాని గోడ, దాని ఇష్టం" అని మళ్ళీ దుంపలు చెక్కుకోసాగింది. మొన్న రిమ్మా అన్న మాట మనసుకి బాగా తగిలిందనుకున్నాను నేను.

ఐదో రోజు పొద్దున యెఫీమ్ కోసం కోడిపులుసు పట్టుకెళ్ళాను. గదిలో నిజంగానే తేడా తెలుస్తోంది. అతను టోపీ తీసేసి దిండు పక్కన పెట్టుకున్నాడు. గోడకి వీపు ఆనించి కూర్చుని, చెంచా తనే పట్టుకున్నాడు. అంతలో పలకల గోడ అవతల దబదబమని చప్పుడు. ఎవరో తలుపు తోస్తున్నారు. తర్వాత తిట్లు. ఇంకా గట్టిగా తోపు. చివరికి పలకల మీద వేలితో కొట్టిన చప్పుడు, మెల్లగా, మూడుసార్లు.

"రిమ్మా."

రిమ్మా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"రిమ్మా, నా తలుపు రావట్లేదు."

రిమ్మా నా వంక చూసి గుసగుసగా అడిగింది. "పలకనా?"

నేను నోరు తెరిచేలోపు యెఫీమ్ దగ్గుతూ నవ్వుతూ అన్నాడు. "పలకవే. ఆకలికి మాడి పోతే మళ్ళీ నువ్వే కదా ఏడవాలి."

"లోపలికి లాగి చూడు" అని అరిచింది రిమ్మా.

"అది బయటికి తెరుచుకునే తలుపు! నువ్వు పుట్టిన ఇల్లేగా, ఆమాత్రం గుర్తులేదా?"

"పన్నెండేళ్ళుగా ఆ తలుపు ముఖం చూడనిచ్చావా గుర్తుండటానికి?"

అవెనీర్ కిటికీలోంచి బయటికొచ్చాడు. కోటుతో సహా రావాలని పట్టుపట్టి మధ్యలో ఇరుక్కున్నాడు. నేనూ రిమ్మా చెరో చెయ్యి పట్టుకుని లాగితే వచ్చిపడ్డాడు. లేచి బట్టలు దులుపుకుని, చెల్లెల్ని ఏకిపారేయడానికి ఊపిరి పీల్చుకుంటూ ఇంటి వెనక్కి నడిచాడు. అక్కడ గోడ నిండా కొత్త నార. నిచ్చెన పక్కనే రిమ్మా గది కిటికీ. ఆ కిటికీలోంచి లోపలికి చూశాడు. అవెనీర్ ఎరిగిన యెఫీమ్ ఎద్దులాంటి మనిషి. లోపల కూర్చున్నవాడి మెడ చొక్కా కాలర్లో కొయ్యపుల్లలా ఉంది. అవెనీర్ పీల్చుకున్న ఊపిరి మాట లేకుండానే వదిలేశాడు. రిమ్మా అరచేతులకి కట్టుకున్న గుడ్డల మీద నెత్తుటి మరకలు కూడా అప్పుడే చూసినట్టున్నాడు.

ఈలోపు కాపా అక్క వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. మోకాళ్ళ నొప్పి ఏమైందో తెలీదు గాని, చకచకా వచ్చింది. గోడ మూల దగ్గర బరువు కట్టిన దారం వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసింది.

"ఈ పక్క రెండు వేళ్ళు లేచింది. తలుపు బిగుసుకోక ఏం చేస్తుంది? ఇంకో వారం పోతే పొయ్యి గొట్టం కూడా చీలుతుంది."

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు అవెనీర్.

"రెండే దారులు. ఇది మొత్తం పీకెయ్యాలి, లేకపోతే మిగతా మూడు పక్కలా కూరి దీనికి సమానంగా లేపాలి. నువ్వు చెప్పు. పీకమంటే ఇప్పుడే పీకుతా."

రిమ్మా తల దించుకుని అరచేతి గుడ్డ ముడి సరిచేసుకుంటోంది. గాలి ఉత్తరం నుంచే వీస్తోంది. అవెనీర్ మళ్ళీ ఒకసారి కిటికీ వైపు చూశాడు.

"నాకు నా తలుపు తెరుచుకోవాలి. అంతే. ఒప్పుకుంటే తలుపు కోసమే ఒప్పుకుంటున్నా, ఇంకెవరి కోసమూ కాదు."

"తలుపు కోసమేలే నాయనా, ఎవరు కాదన్నారు?" అంది కాపా అక్క.

ఎనిమిది రోజులు పట్టింది. రిమ్మా మరీ బిగించిన చోట కాస్త సడలించి, కింది సందు నుంచి మొదలుపెట్టారు. ఉలీ సుత్తీ కాపా అక్కవి. నార ఉండ పట్టుకుని పాయ సాగదీసి ఇవ్వడం ఆ ఇద్దరి పని, ఎవరి సగంలో వాళ్ళు. నార పాయ తెగకూడదు కదా, సరిహద్దు దగ్గర ఉండ చేతులు మారాలి. మొదటి చుట్టులో రిమ్మా ఉండ తెచ్చి సరిగ్గా పలకల గోడ ఎదురుగా నేల మీద పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అవెనీర్ వచ్చి తీసుకున్నాడు.

"నేల మీద పెడితే తడుస్తుందే బుద్ధిలేనిదానా! చేతికివ్వు!" అని కింది సందు దగ్గర కూర్చున్న కాపా అక్క అరిచింది.

రెండో చుట్టు నుంచి చేతికిచ్చింది. మూడో రోజుకి "కాస్త వదులు", "కాస్త లాగు" అనుకున్నారు. ఐదో రోజుకి పొయ్యి గురించి గొడవ మొదలైంది. అమ్మ ఎవరికిస్తానంది, ఎప్పుడంది, ఆ రోజు వాకిట్లో ఎవరున్నారు, ఎవరు లేరు అని. పన్నెండేళ్ళు దాచుకున్నదంతా నార పాయకి చెరో కొసా పట్టుకుని కక్కేశారు. పాయ మాత్రం తెగలేదు. ఏడో రోజు మంచు కురిసింది. ఎనిమిదో రోజు సాయంత్రం, చూరు కింద ఆఖరి సందు పూర్తయ్యాక, కాపా అక్క వెళ్ళి అవెనీర్ తలుపు మీద రెండు వేళ్ళు ఆనించింది. అది తెరుచుకుంది.

గడ్డకట్టే చలి మొదలైన రోజు పొద్దున్నే నేనూ ఆవిడా వెళ్ళి ఆ ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగాం. గోడ మీద ఎక్కడా ఒక్క మీసం లేదు. పలకల గోడ మాత్రం ఇప్పటికీ ఉంది, అన్నాచెల్లెళ్ళ గొడవ కూడా ఉంది. కాకపోతే ఇప్పుడు అది పైకి వినబడుతుంది, వీధిలో వాళ్ళకి నిద్ర కరువైంది. ఆదివారాలు మాత్రం అవెనీర్ చేపలు పట్టుకుని చెల్లెలి సగంలోకి వెళ్ళి, అమ్మ పొయ్యి మీద వండిన కూర తిని, ఉప్పెక్కువైందని తిట్టి వస్తాడు.

యెఫీమ్ ఆ చలికాలం దాటాడు. ఇంకో పదకొండు చలికాలాలు కూడా దాటాడు.

ఆ తొంభై ఆరు డిసెంబరులోనే ఒక మధ్యాహ్నం కాపా అక్క ఇంట్లో టీ తాగుతున్నాం. నా చేతిలోంచి కోడిగుడ్డొకటి జారి, ఉన్ని చాప మీద పడి పగలకుండా, ఎప్పట్లాగే దక్షిణపు గోడకి ప్రయాణం కట్టింది. సుత్తి గోడకి మేకు మీద వేలాడుతోంది. దాన్ని చూస్తుంటే ఒక్కసారిగా నాకు తట్టింది.

"అక్కా, ఇన్నేళ్ళలో ఆ సుత్తి నువ్వెప్పుడైనా ఎక్కడైనా మరిచిపోయావా?"

ఆవిడ నల్లటి రై పిండి రొట్టె తుంచి టీలో ముంచుకుంది.

"లేదు."

"అంటే కావాలనే పెట్టి వచ్చావు! ఇల్లు ఒరుగుతుందని తెలిసే!"

"నా చేత్తో ఒక్క గోడే చెయ్యనని నాన్నకి మాటిచ్చాను. ఇంకోసారి తప్పలేను. కానీ ఆ యెఫీమ్ టోపీ పెట్టుకుని పడుకున్నాడే అగ్నియా. చూసి ఊరుకోలేకపోయాను."

"అవెనీర్ మొండికేసి మొత్తం పీకించేస్తే?"

"పీకించేవాడే. అప్పటిదాకా యెఫీమ్ నాలుగు రోజులైనా వెచ్చగా పడుకునేవాడుగా."

పోనీ ఇప్పుడైనా ఈ ఇల్లు సరిచేద్దాం, అవెనీరూ రిమ్మా ఇద్దరూ వస్తామన్నారు, నార కూడా మిగిలింది అన్నాను. ఇన్నేళ్ళు చాల్లే, చేసిన తప్పుకి ఎంతకాలం శిక్ష వేసుకుంటావు అని కూడా అన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూసింది.

"శిక్షేమిటే? నేను తప్పు చేశానని ఎప్పుడన్నాను?"

లేచి వెళ్ళి, బావగారి మంచం ఉండే చోట, ఉత్తరపు గోడ మీద అరచెయ్యి పెట్టింది.

"ఇక్కడ ఆయన మూడు నెలలు టోపీ లేకుండా పడుకున్నాడు. ఇల్లు సరిచెయ్యాలంటే ముందు ఈ గోడకి కూరింది సడలించాలి. ఆ నార నేను తియ్యను."

దక్షిణపు గోడ దగ్గర ఆగిన గుడ్డు తీసి బల్ల మీద గిన్నెలో పెట్టాను. ఆ తర్వాత ఆ ఇంటి మీద నేను మళ్ళీ వెటకారం చెయ్యలేదు. చేసేవాళ్ళని చెయ్యనివ్వలేదు కూడా.